మల్లె కాని మల్లె

(సంఘ వార్షిక మహాసభలో చదివిన ఉపన్యాసము)



 మేము ముప్పదియేండ్లకు పైఁబడి పిల్లలకు శబ్దములు, ధాతువులు వల్లె వేయించి విశ్రాంతి పొందిన పంతులము. కార్యదర్శిగారు మమ్ము విద్యాభివృద్ధిని గూర్చి నాలుగు మాటలు చెప్పుఁడని కోరిరి. విద్యను గూర్చి ఈ వేదికపై ఏటేట పెద్దలు చెప్పుచునే యున్నారు, వినుచునే యున్నాము. ఈ యేడు వారి యనుమతి పొంది, ఒక కలుపుమొక్కను గూర్చి చెప్పఁదలఁచితిమి.

సంస్కృతపు పంతులునకు కలుపుతో నేమి పనియని మీకు నవ్వు రావచ్చును. మనలో పలువురు నేఁటికిని భూమిని నమ్ముకొన్నవారు. పట్టణములఁ జేరి ఉద్యోగములు చేయువారికిని ఊరిలో నాలుగెకరములు కౌలునకున్నవి. ఈ మంటపమునఁ గూర్చున్నవారిలో ఎందరో ఆ మొక్కను తమ చేలలోఁ జూచియుందురు. చూచియు నెవరికిని చెప్పక మిన్నకున్నవారును కొందఱుందురు. అట్టి వారిలో మేమును ఒకరము. ఆ సంగతి మీ యెదుట ఒప్పుకొనుటకే వచ్చితిమి.

ఆ మొక్క పేరు మల్లె. పొగాకుచేలలో మొలచుటచేత పొగాకుమల్లె యందురు. కొన్నిచోట్ల బోడు అనియుఁ బిలుతురు. శాస్త్రజ్ఞులు ఒరొబాంకి యందురు. నేతిబీరకాయలో నేయి యెంతయో దీనిలో మల్లెతనము అంత. జొన్న, చెఱకు చేలలో వచ్చు జొన్నమల్లె వేఱు; అది స్ట్రైగా యను జాతి. మినుము, పెసర చేలపై పసుపుదారపు చిక్కువలె అల్లుకొను బంగారుతీగ మఱియొకటి. మూఁడును పరుల సొమ్ముపై బ్రదుకునవే. వీనిలో మేము ముఖ్యముగాఁ జెప్పునది పొగాకుమల్లెను గూర్చియే.

ఈ గుణము మన పూర్వులెఱుఁగనిది కాదు. చెట్టుకొమ్మలపై మొలచు బదనికకు అమరకోశమున వృక్షాదని యను పేరున్నది. చెట్టును తినునదని యర్థము. కాని బదనికకుఁ గొంత అభిమానమున్నది. దానికిఁ బచ్చని యాకులు కలవు. నీరు మాత్రము చెట్టునుండి దొంగిలించి, అన్నము తానే వండుకొనును. పొగాకుమల్లెకు ఆకుపచ్చదనమే లేదు. ఆకులకు మాఱు చిన్న పొలుసులుండును. నీరును పరులదే, అన్నమును పరులదే.

వ్యాకరణము చదివినవారికి ఒక పోలిక చెప్పెదము. ఆగమము మిత్రునివలె వచ్చి అక్షరము ప్రక్కన నిలుచును; ఆదేశము శత్రువువలె వచ్చి ఉన్నదానిని త్రోచి దాని పీఠముపైఁ గూర్చుండును. సామాన్యమైన కలుపు పైరు ప్రక్కన నిలిచి ఎరువునందు, నీటియందు పాలు గొనును. అది మిత్రము కాకున్నను కంటికిఁ గనఁబడును. గుంటక తోలిన పోవును. మల్లె యట్లు కాదు. అది పైరు వేరులోనికే చొచ్చి, ఆకునకుఁ బోవలసిన సారమును త్రోవలోనే అపహరించును. మొలక నేలపైకి వచ్చి మన కంటఁబడునప్పటికి నష్టము సగము జరిగియే యుండును.

దాని జీవితము విన్నవారికి ఆశ్చర్యము కలుగును. విత్తనము ధూళికణమంత, మిల్లీమీటరులో మూఁడవవంతైనను ఉండదు. బలిసిన మొక్క యొక్కటి పదివేలకొలఁది విత్తనములు రాల్చును. లక్ష దాఁటుటయుఁ గలదు. ఆ విత్తనము నేలలోఁ బడి పదియేండ్లకుఁ బైగా ప్రాణము నిలుపుకొనఁగలదు. వాన కురిసినను, దుక్కి దున్నినను ఊరక మొలవదు. తనకుఁ దగిన పైరు వేరు సమీపమునకు వచ్చి, ఆ వేరు స్రవించు రసము తగిలినప్పుడే కన్ను విప్పును. అంత చిన్న మొలక వెంటనే వేరును పట్టుకొనకున్నచో కొలఁది దినములలోఁ జచ్చును. పట్టుకొన్నచో నేలక్రిందనే కొన్ని వారములు బలిసి, నాటిన నెలన్నర రెండు నెలలకు లేఁతపసుపు రంగు మొగ్గలతో మొదలుచుట్టును పైకి వచ్చును. పిదప ఊదా, తెలుపు కలిసిన పూలు పూచి, కొలఁది వారములలోనే గింజ కట్టును.

పైరు అట్టి రసమును శత్రువునకు వినఁబడునట్లు ఏల స్రవించును? స్ట్రైగా విత్తనమును మేల్కొలుపు పదార్థమును 1966లో ప్రత్తివేరుల స్రావమునుండి శాస్త్రజ్ఞులు వేఱుచేసిరి. అది పైరునకు దేనికో వారికిఁ జాలకాలము బోధపడలేదు. 2005లో జపానుదేశపు పరిశోధకులు మర్మము విప్పిరి. నేలలో పైరునకు మేలుచేయు సూక్ష్మమైన బూజుజాతి యొకటి కలదు. అది వేరుతోఁ జేరి భాస్వరమును తెచ్చి యిచ్చును. పైరు ఆ రసముతోఁ బిలుచునది ఆ మిత్రమునే. మిత్రునకై పిలిచిన పిలుపును దొంగ పొంచియుండి వినుచున్నాఁడు. ఇందు పైరు తప్పేమియు లేదు.

ఇఁక మా తప్పు చెప్పెదము.

సుమారు ఇరువదియేండ్ల క్రిందట, మేము ఉద్యోగమున నున్న కాలమున, మా పిత్రార్జితమైన రెండెకరముల నల్లరేగడిచేనిని ఒక రైతునకు కౌలునకిచ్చి యుంటిమి. అతఁడు మన కులమువాఁడు కాఁడు, చాల నమ్మకస్థుఁడు. సంక్రాంతి ముందొకనాఁడు వచ్చి, “మాస్టారూ, చేలో తూర్పు గట్టుపక్క మల్లె కనపడుతున్నదండీ. పది పన్నెండు మొక్కలున్నాయి. పక్కవాళ్లతో ఒక మాట చెప్పమంటారా?” అని యడిగెను. మేము పుస్తకము మూయకయే సమాధానము చెప్పితిమి: చెప్పవలదు, తీరిక చూచుకొని పెఱికివేయుము, మల్లె పడిన చేనని పేరు వచ్చిన మఱుసటియేడు కౌలు తగ్గును అని. అప్పుడు మా పెద్దమ్మాయి వివాహము కుదుర్చుచున్నారము. ఆ చేనిపై నాలుగు రూకలు తేవలసియుండెను. మా యాలోచన యంతవఱకే పాఱినది.

అతఁడు మా మాట చొప్పున తీరిక చూచుకొనియే పెఱికెను. అప్పటికిఁ బూలు పూచి, క్రింది గుత్తులు గింజ కట్టినవి. పెఱికినవానిని గట్టుపైఁ గుప్పగాఁ బోసెను. అవి యెండి, పగిలి, రాలినవి. వేసవిలో ఆ గట్టుపై మందలు తిరిగినవి. అద్దె ట్రాక్టరు మా చేను దున్ని, మట్టి దులుపుకొనకయే ప్రక్కచేనిలో దిగినది. తొలకరికి మా చేని నీరు పల్లమున నున్న చేనిలోనికిఁ బాఱినది. ఆ పల్లపుచేను మాకు వరుసకు చిన్నాన్న యగువారిది.

మూఁడవయేఁట వారి చేనంతయు మల్లెయే. ఆకు వెడల్పు రాలేదు. బ్యారనుకుఁ బట్టు ఆకు లేదు. చేసిన అప్పు నిలిచిపోయెను. వారొక సాయంకాలము మా యింటికి వచ్చి అరుగుపైఁ గూర్చుండి, మంచినీరు త్రాగి, చాలసేపటికి, “అబ్బాయీ, నీ చేలో ముందే పడ్డదట గదా. ఒక్క మాట చెప్తే నేనా యేడు నువ్వులు చల్లుకొనేవాణ్ణి గదరా” అనిరి. కోపించిన బాగుండెడిది. అంతకంటె నొక్కమాటయు ననలేదు. వారు కాలముచేసి పండ్రెండేండ్లైనది. పిల్లలకు సత్యమును గూర్చి నీతిపద్యములు వల్లె వేయించిన నోటితో ఆనాఁడు మేము “చెప్పవలదు” అంటిమి. పది మొక్కలనాఁడు ఒక పూఁట పని. మూఁడవయేఁటికి రెండు కుటుంబముల దుఃఖము.

మల్లెను దాఁచువారు దుష్టులు కారు. కౌలు తగ్గునని కొందఱు, అప్పు పుట్టదని కొందఱు, సోమరి సేద్యమని నలుగురు నవ్వుదురని కొందఱు దాఁతురు. కౌలురైతు భూస్వామికి భయపడి దాఁచును. భూస్వామి ఊరికి భయపడి దాఁచును. ఇంటిలోని రోగమువలె చేనిలోని మల్లెయు పరువు సమస్య యైనది.

చెప్పుటవలన నేమి కలుగునో పరదేశపు వృత్తాంత మొకటి వినుఁడు. అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రములలో మొక్కజొన్న గిడసబాఱి యెండుచుండఁగా, అచటి రైతులకుఁ గారణము తెలియలేదు. 1956లో మన దేశమునుండి అచటికిఁ జదువఁబోయిన విద్యార్థి యొకఁడు ఆ చేలలోని చిన్న ఎఱ్ఱపూల మొక్కను చూచి, ఇది స్ట్రైగా యని గుర్తుపట్టెను. అంతవఱకు ఆ ఖండమున నది యున్నదని యెవరికిని తెలియదు. మఱుసటియేఁటనే ప్రభుత్వము ఆ ప్రాంతమునుండి మట్టి, పంట, పనిముట్లు శుభ్రము కానిదే బయటికిఁ బోరాదని కట్టడి చేసెను. విత్తనమును పైరు లేనప్పుడే మోసపుచ్చి మొలపించి చంపుటకు నేలలోనికి ఇథిలీను వాయువు నెక్కించిరి. క్రొత్తచోట స్ట్రైగాను చూపినవారికి బహుమానమును ప్రకటించిరి. మొత్తముమీఁద నాలుగు లక్షల యెకరములకుఁ బైగా వ్యాపించినది నేఁడు అందులో మిక్కిలి స్వల్పభాగమున మాత్రమే మిగిలినది. చూచి యూరకుండక చెప్పిన యొక విద్యార్థి మాటతో ఇంత పని మొదలైనది.

దీనికి రెండవ ప్రక్కయుఁ గలదు. ఆ దేశముననే కాలిఫోర్నియా రాష్ట్రమున టమాటా చేలలో ఒరొబాంకి జాతి యొకటి 2017లో మరల బయటపడెను. ఆనాఁటి నిబంధన ప్రకారము మల్లె దొరకిన చేనిలోని పంటను అమ్మనీయక నాశము చేయవలసియుండెను. దాఁపరికము దొరలనీడనైనను, చెట్లనీడనైనను ఒక్కటియే: చెప్పినవానికే నష్టమని తెలిసినచోట నోరు విప్పుటకు రైతు జంకుట సహజము. కావున మల్లెను గూర్చి చెప్పుఁడని రైతునకు బోధించుట సగము పని. చెప్పినవాఁడు చెడకుండఁ జూచుట మిగిలిన సగము. ఆ సగము ప్రభుత్వము చేసినను చేయకున్నను, సంఘము చేయవలెను.

చేనిలోఁ జేయవలసిన పనులు ఇప్పుడు క్రమముగాఁ జెప్పెదము. ఇవి మా స్వకపోలకల్పితములు కావు. పొగాకుమల్లెను గూర్చి 1947లో రాజమహేంద్రవరమున స్థాపింపఁబడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థలోను, ఇతరత్రను ఏండ్లతరబడి పరిశోధన జరిగినది. అనుభవజ్ఞులైన రైతుల వలనను మేము వింటిమి.

మొదటిది, పూవు పూయకముందే పెఱుకుట. ఇందు ఆలస్యమునకుఁ దావు లేదు. నాటిన నెల దాఁటిన పిమ్మట వారమునకు రెండుమార్లు చేనిలో సాలుసాలును నడచి చూడవలెను. నేఁడు పెఱికిన చోటనే పదిదినములకు మరల మొగ్గలు వచ్చును, విసుగు పనికిరాదు. పెఱికినదానిని గట్టుపై వేయరాదు, కాలువలో వేయరాదు, పశువులకు వేయరాదు. సంచిలో వేసి చేని బయటికిఁ దెచ్చి కాల్చవలెను. పెఱికిన తరువాతను మొక్కలోని సారముతోనే గింజ ముదురఁగలదని మఱువరాదు. పైరు బలిసి పెఱుకుట కష్టమైనచో, లేఁత మొగ్గపై రెండు బొట్లు వేపనూనె వేసిన మొగ్గ మాడిపోవును.

రెండవది, ఎరపైరు. నువ్వు, పెసర, మినుము వంటివాని వేరులు మల్లె విత్తనమును మేల్కొలుపును గాని, మల్లెకు ఆ వేరులపై నిలువ శక్తి చాలదు. మొలచినది అన్నము లేక మాడిపోవును. తొలకరిలో ఈ పైరులను వేసి పిదప పొగాకు నాటిన, నేలలోని విత్తనరాశి కొంత తగ్గును. కరోలినాలో వాయువుతోఁ జేసిన మోసమును మన రైతు నువ్వుచేనితోఁ జేయఁగలఁడు. చిన్నాన్నగారు నువ్వులు చల్లుకొందునన్న మాటకు అర్థమిదియే. ఒక్కయేఁటితో విత్తన మంతరించునని మాత్రము తలఁపరాదు.

మూఁడవది, మార్పిడిపైరు విషయమున మెలకువ. పొగాకు మాని వంగయో టమాటాయో వేసితిమి, ఇఁక మల్లె పోవునని కొందఱు సంతోషింతురు. వంగయు టమాటాయు దానికి బంధువుల యిండ్లే. ఆ చేనిలో కొన్నియేండ్లు దానికి ఆతిథ్యమీయని పైరులే వేయవలెను.

నాలుగవది, రాకపోకలు. మల్లె పడిన చేనిని అన్నిటికంటెఁ గడపట దున్నింపవలెను. ట్రాక్టరు, గొఱ్ఱు, గుంటక, కాలిచెప్పులు మట్టి దులిపి కడిగిన గాని మఱియొక చేనిలో దిగరాదు. నారు కొనునపుడు నారుమడి యున్న నేలను విచారింపవలెను. విత్తనము పశువుల కడుపులోఁ బడియుఁ జావదు. కావున ఆ చేనిలో మేసిన మందను వెంటనే మఱియొక చేనిలో కట్టివేయరాదు. కలుపుమందుల విషయమున అంగడివాని మాట వినక, వ్యవసాయాధికారి చెప్పిన మందును చెప్పిన మోతాదుననే వాడవలెను. పొగాకును మల్లెయు నొకే వేరున ముడిపడియున్నవి. తొందరపడిన రెండును పోవును.

జొన్నమల్లెకును మొదటి సూత్రమిదియే: పూవునకు ముందే పెఱుకుట. సారహీనమైన నేలలో అది విజృంభించును గనుక నత్రజని యెరువు తగినంత వేయుట మేలు. బంగారుతీగ విత్తనముతోఁ గలసి వచ్చును. మినుము, పెసర విత్తనములను బాగుగ జల్లించి చల్లవలెను. చేనిలోఁ గనఁబడినచోట తీఁగను మాత్రము లాగిన చాలదు, తునుకలు మరల అల్లుకొనును; అల్లుకొన్న మొక్కలతోఁ గూడ కోసి కాల్చవలెను.

ఎవరికిఁ జెప్పవలెను? మొదట నాలుగు గట్ల పొరుగువారికి, అదే దినమున. పిదప గ్రామ వ్యవసాయ సహాయకునకు, మండల వ్యవసాయాధికారికి, సమీపపు కృషి విజ్ఞాన కేంద్రమునకు. దూరమైనవారు 1800-180-1551 అను కిసాన్ కాల్ సెంటరు సంఖ్యకు మాటాడిన తెలుఁగుననే సమాధానము చెప్పుదురు, రుసుము లేదు. ఏమి చెప్పవలెను? సర్వే నెంబరు, పైరు, నాటిన తేది, మల్లె మొదట కనఁబడిన తేది, ఎన్ని మొక్కలు, చేనిలో నేమూల, పూవు పూచినదా లేదా. సెల్‌ఫోనుతో ఛాయాచిత్రము తీసి పంపవచ్చును. మొక్కను చూపఁదలఁచినచో మూతిగట్టిన ప్లాస్టిక్ సంచిలోఁ దీసికొని పోవలెను. చేతఁ బట్టుకొని ఊరేఁగింపరాదు.

ఇది క్రొత్త ధర్మమేమియుఁ గాదు. పురుగులు, తెగుళ్లు, హానికరములైన కలుపుమొక్కలు ఒకని చేనినుండి మఱియొకని చేనికిఁ బోకుండ అరికట్టుటకు మద్రాసు రాజధానిలో 1919లోనే చట్టము చేసిరి. ఒకని చేని కలుపు ఊరి సమస్యయని నూఱేండ్ల క్రిందటనే యొప్పుకొన్నారు. చట్టము నోటీసు నీయఁగలదు గాని, బెదరినవానికి ధైర్యము నీయఁజాలదు. అది బంధువులు, ఇరుగుపొరుగువారు చేయవలసినది.

కావున ఈ మహాసభకు మూఁడు విన్నపములు చేయుచున్నాము.

ఒకటి: మన సంఘశాఖ యున్న ప్రతి గ్రామమున ఒక మల్లెపుస్తకము పెట్టవలెను. ఏ చేనిలో ఏనాఁడు కనఁబడినదో, ఏనాఁడు పెఱికిరో అందు వ్రాయవలెను. అది నింద వ్రాయు పుస్తకము కాదు. పది పన్నెండేండ్లు మఱవకుండుటకై వ్రాయు పుస్తకము. విత్తనమునకున్నంత జ్ఞాపకము మనకును ఉండవలెను గదా.

రెండు: మొదట చెప్పినవాని చేనికి మన యువజనులు నలుగురు పోయి ఒక పూఁట పెఱికి రావలెను. భూమి గల కులబాంధవులు, తమ కౌలురైతు మల్లె సంగతి దాఁచక చెప్పినచో అతనిని తొలఁగింపమని, ఎరపైరు వేసిన యేఁట కౌలు కొంత విడుతుమని ఈ సభలో మాట యీయవలెను. పోషకమహాశయులు విద్యార్థినిధికి ఇచ్చుచున్న విధముననే, నష్టపడిన రైతునకు నువ్వువిత్తనముల వెలయైనను సమకూర్చు నిధికిఁ గొంత యీయుఁడని వేఁడుచున్నాము. మా వంతుగా మా రెండెకరముల ఒక యేఁటి కౌలును నేఁడే కార్యదర్శిగారికి అప్పగించితిమి. చిన్నాన్నగారి ఋణము దీనితోఁ దీఱునని మేమనుకొనుట లేదు.

మూఁడు: ఈ సహాయము మన కులమువారికే యని గిరి గీయరాదు. మల్లెకుఁ గులభేదము లేదు. ఎవని వేరు సమీపించిన వానినే పట్టును. మన చేనిని మొదట చూచి చెప్పఁబోయినవాఁడు అన్యకులస్థుఁడైన కౌలురైతు. నోరు మూయించినవారము మేము. కులసభ కులమునకు మేలు చేయుటకే యున్నది. గట్టునకు ఆవలిప్రక్క చెడినచో ఈవలిప్రక్క మేలు నిలువదు.

విద్యాభివృద్ధిని గూర్చి చెప్పుఁడని కోరిన కార్యదర్శిగారికి మేము మాట తప్పినవారము కామని తలఁచుచున్నాము. కన్నదానిని గుర్తించుట, గుర్తించినదానిని వేళకుఁ జెప్పుట కంటె విద్య యేమున్నది? మీలో ఎవరి చేనిలోనైనను ఇప్పుడు పది మొక్కలున్నచో, ఈ సభ ముగిసి భోజనపంక్తిలోఁ గూర్చున్నపుడు ప్రక్కవారితో ఆ మాట అనుఁడు. వారును తమ చేని సంగతి మీతో చెప్పవచ్చును.

 మన చేలు చల్లగా నుండుఁగాక! మన పొరుగువారి చేలును చల్లగా నుండుఁగాక! స్వస్తి.